వాన వంతు

బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది ఇప్పటికీ తక్కువే. కర్రతో కొడతారు, పరిగెడతారు, బట్టలు మాపుకుంటారు. తొమ్మిదిమంది ఆట అంటారు గాని బరువంతా మోసేది ఒక్క పిల్ల. మైదానం మధ్యలో చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిల్ల. పిచర్ అంటారు. మిగతా ఎనిమిదిమందీ ఆ పిల్ల చెయ్యి వైపు చూస్తూ నిలబడతారు. ఈ మాత్రం అర్థమవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అలాంటివాణ్ణి, ఈ ఏడు ఎండలు ముదిరినప్పట్నించి వానలు దిగేదాకా ఆరు శనివారాలు, ఏ శనివారం ఏ పిల్ల ఆట మొదలుపెట్టాలో నేనే తేల్చాను. ఐదుసార్లు తేలిగ్గా తేల్చాను. ఆరోసారి తేల్చింది నేనేనా, నాలో ఇంకెవడోనా అన్నది నాకిప్పటికీ తెలియదు.

నా పేరు భీమరాజు. బర్మాలో, సేక్కాన్ జెట్టీలో ముఠా మేస్త్రీని. పడవల్లోంచి బియ్యం, పప్పుల మూటలు దించే ముప్పైమందికి రోజూ వంతులు వేసేది నేను. చదువు లేదు. అక్షరాలు గోనెసంచుల మీది అచ్చులు చూసి నేర్చుకున్నాను. నోరు మాత్రం పుట్టుకతో వచ్చింది. ఆ నోటికి ఇప్పుడు పని లేదు. సైన్యం గద్దెనెక్కి యూనియన్ గదికి తాళం పడి నాలుగేళ్ళు దాటింది.

ఏప్రిల్‌లో నీళ్ళ పండగ అయిన వారానికి సయామా తడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. సయామా అంటే టీచరమ్మ. సంచౌంగ్‌లో ఒక బడి మైదానంలో ఆడపిల్లలకి ఈ ఆట నేర్పుతుంది. మా దేవి నాలుగేళ్ళుగా ఆమె జట్టులోనే ఉంది. ఆమె ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, రెండు నెలలు కిందికి దిగే పని లేదన్నారు. నన్ను రమ్మని కబురు పెట్టింది. వెళ్ళాను. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, ముఖానికి తనఖా చెక్క గంధం పూసుకుని, ఎవరినో తిట్టడానికి సిద్ధంగా కూచుంది.

“ఊ భీమా, బంతి విసిరే పిల్లలు నాకు ముగ్గురున్నారు” అంది బర్మీస్‌లో. ఊ అంటే గారు అన్నట్టు. “ముగ్గురికీ ప్రతి శనివారం తామే మొదలుపెట్టాలని. వరసగా రెండు వారాలు విసిరితే భుజం పాడవుతుంది. బాగా ఆడిందని ఒకదాన్ని మళ్ళీ దింపితే మిగతా ఇద్దరూ మొహాలు ముడుచుకుంటారు. నేను మైదానంలో లేకపోతే జుట్లు పట్టుకుంటారు. నువ్వు ముప్పైమంది మగాళ్ళకి వంతులేస్తావు. ముగ్గురు పిల్లలకి వెయ్యలేవా?”

“నాకు ఆట తెలీదు సయామా.”

“భుజం తెలుసుగా?”

అది తెలుసు. మనిషి చొక్కా విప్పే తీరు చూసి ఏ భుజం అరిగిందో, ఇంకెన్నాళ్ళు మోస్తుందో చెప్పగలను. ఒప్పుకున్నాను.

ఊళ్ళో మేడలన్నిటికీ ఉన్నట్టే ఆమె బాల్కనీ నుంచి రోడ్డుదాకా ఒక తాడు వేలాడుతుంది. కొసన క్లిప్పు, పైన గంట. పేపరువాడు తాడు గుంజితే గంట మోగుతుంది, పేపరు క్లిప్పుకి పెడితే పైవాళ్ళు లాక్కుంటారు. ప్రతి శుక్రవారం పొద్దున నేను చీటీ మీద ఒక పేరు రాసి ఆ క్లిప్పుకి తగిలించాలి. సయామా అది చూసి అవతలి జట్టుకి ఫోన్ చేస్తుంది. పైకి వెళ్ళిన పేరు ఇక మారదు. అదీ ఏర్పాటు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బాలామణి నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఏటీ, మగాళ్ళకి మేస్త్రీవి సాలక గుంటలకి కూడా మేస్త్రీవయ్యావేటి? రేపు పిల్లులకి కూడా ఎయ్యి వంతులు. మన మెట్ల కింద నాలుగున్నాయి.”

మొదటి శనివారం ముగ్గురు పిల్లల్నీ చెట్టు నీడలో నిలబెట్టాను. నీలా, బస్సు డ్రైవరు కూతురు, బర్మా పిల్ల, మనిషి పొడుగు. మణిమాల, లమ్మడా పేటలో మా మేడలోనే కింది అంతస్తులో ఉండే సన్యాసమ్మ కూతురు. మూడోది మా దేవి. ముగ్గురూ ఇరవై దాటినవాళ్ళే, ముగ్గురూ నా వైపు అనుమానంగా చూశారు.

“టోపీలు తియ్యండి” అన్నాను.

జెట్టీలో మేము తలగుడ్డలతో వంతులేస్తాం. అందరి తలగుడ్డలూ కుప్పపోసి, మేస్త్రీ అటు తిరిగి, వెనక్కి చెయ్యి పెట్టి ఒక్కొక్కటే లాగుతాడు. వచ్చిన వరసే వరస. ఆ పిల్లల టోపీలు అలాగే కుప్పపోసి లాగాను. నీలాది వచ్చింది, తర్వాత మణిమాలది, చివర దేవిది. ముగ్గురు, ఆరు శనివారాలు. ఒక్కొక్కరికి రెండేసి. సరిగ్గా సరిపోయింది.

“ఊలే, బాగా ఆడినదానికి ఎక్కువ ఆటలివ్వాలి కదా?” అంది నీలా. ఊలే అంటే బాబాయ్ అన్నట్టే.

“బాగా మోసినోడికే మూటలన్నీ ఇస్తే వాడి నడుం పోతుంది, పక్కోడి కడుపు మాడుతుంది. గెలిచినా ఓడినా వంతు వంతే.”

“ఓడిపోతాం నాన్నా” అంది దేవి, నాకు మాత్రమే వినపడేలా.

ఓడిపోయాం. నీలా పొడుగు చేతుల్తో విసిరింది, అవతలి పిల్లలు హాయిగా కొట్టారు. రెండో శనివారం మణిమాల. ఆమె బంతి మెల్లగా వస్తుంది, వచ్చి వచ్చి కర్ర దగ్గర పక్కకి ఒరిగిపోతుంది. కొట్టేవాళ్ళు గాలిని కొడతారు. ఆ పిల్ల భుజం జెట్టీలో చూసిందే. వాళ్ళ నాన్న లింగరాజుదే ఆ భుజం. కుడివైపు కొంచెం దిగి, మెడ దగ్గర గట్టిగా. మణిమాల బాగానే విసిరింది గాని వెనకున్న పిల్లలు బంతులు జారవిడిచారు. మళ్ళీ ఓడాం.

మూడోవారం దేవి. ఆ రోజు నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు, అర్థం కాలేదన్నదొక్కటే బాగా అర్థమైంది. దేవి చెయ్యి ఎత్తడం చూశాను, బంతి కనపడలేదు. పట్టుకునే పిల్ల గ్లవ్‌లో చప్పుడు వినపడింది. అందరూ కేకలేశారు, నేనూ లేచి చప్పట్లు కొట్టాను. పక్కన కూచున్న అవతలి జట్టు పిల్ల తల్లి ఒకామె నన్ను తేరిపార చూసింది. అది మాకు మంచిది కాదట. ఇంకోసారి అందరూ ఊరుకున్నప్పుడు నేనూ ఊరుకున్నాను. అప్పుడేమో అది చాలా మంచిదట. ఏమైతేనేం, గెలిచాం.

“ఎవరు నేర్పారే నీకు?” అన్నాను బస్సులో.

“నువ్వే” అంది దేవి. “చిన్నప్పుడు నీ మీటింగులకి తీసికెళ్ళేవాడివి కదా. కూచోబెట్టి మర్చిపోయేవాడివి. నేను గోడకి రాళ్ళేసుకుంటూ కూచునేదాన్ని.”

నవ్వింది గాని నేను నవ్వలేకపోయాను. నా అర్జీలన్నీ దిద్దేది దేవే. నేను తప్పుల్తో రాస్తే పళ్ళు కొరుక్కుంటూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, “కోపం ఒక పేరాలో చెప్పు నాన్నా, పేజీ అంతా కాదు” అనేది. మాకు ఒక్కతే సంతానం.

నాలుగోవారం నీలా మళ్ళీ ఓడింది. ఆ సోమవారం సయామా ఫోన్ చేసి పైకి రమ్మంది.

“జపాన్‌లో ఒక ఫ్యాక్టరీ. అందులో పనిచేసే ఆడవాళ్ళకి ఒక జట్టుంది. వాళ్ళకి పిచర్ కావాలి. మూడేళ్ళు ఉద్యోగం, ఉండడానికి చోటు. వాళ్ళ మనిషి, ఒకావిడ, మన చివరి శనివారం ఊళ్ళో ఉంటుంది. రెండు గంటలు చూసి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతుంది.”

“ముగ్గుర్నీ చూపిద్దాం. తలా కాసేపు.”

“కుదరదు. మొదలుపెట్టిన పిల్ల చివరిదాకా నిలబడగలదా అన్నదే ఆవిడ చూడాలట. మధ్యలో వచ్చినదాన్ని చూడదు.” సయామా నా వైపు వేలు చూపించింది. “నీ వరస ప్రకారం ఆ రోజు నీ కూతురిదే. చెయ్యి గట్టి కూడా దానిదే. అదృష్టం.”

ఇంట్లో ఆ రోజే పండగ మొదలైంది. బాలామణి అమ్మవారికి మొక్కేసుకుంది, దేవి చలికోటు ఎలా ఉండాలో పక్కింటావిడతో మాట్లాడేసింది. పద్దెనిమిది దాటిన ఆడపిల్లల పేర్లు కూడా సైన్యంలోకి రాసుకుంటున్నారని టీ కొట్లో మాట. నిజమో అబద్ధమో ఎవరూ గట్టిగా అడగరు. మెట్ల మీద కొత్త బూట్ల చప్పుడైతే చాలు, బాలామణి తలుపు సందులోంచి చూసేది. పిల్ల ఈ ఊరు దాటితే ఆ చూడడం మానొచ్చని ఆవిడ ఆశ.

“ఎల్లనీ. ఇక్కడేటుంది దానికి? అది బతికీసిందంటే మనం కూడా బతికీసినట్టే” అంది.

“అవును” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాననుకుంటాను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎండలకేమో అనుకున్నాను.

ఐదో శనివారం మణిమాల వంతు. ఆకాశం పొద్దున్నుంచే నల్లగా ఉంది. మణిమాల దిబ్బ ఎక్కి నాలుగు బంతులు విసిరింది. నేను లెక్కపెట్టాను, నాలుగే. నాలుగోది గాలిలో ఉండగానే వాన విరుచుకుపడింది. ఈ ఏటి మొదటి పెద్ద వాన. అందరం టార్పాలిన్ కిందికి పరిగెత్తాం. గంట చూశాం. మైదానం చెరువైపోయింది. అంపైరు చేతులూపి ఆట రద్దన్నాడు. మళ్ళీ ఆడేది లేదు, వచ్చే వారంతో అన్నీ ముగుస్తాయి.

టార్పాలిన్ కింద జుట్టు పిండుకుంటూ నీలాయే అడిగింది, అందరి మనసులో ఉన్నదే:

“ఊలే, వచ్చే శనివారం ఎవరు?”

దేవి తన బూటు ముడి వైపు చూస్తోంది. మణిమాల నా వైపు చూస్తోంది.

“శుక్రవారం చెబుతాను” అన్నాను. అంతకుముందెప్పుడూ వంతు గురించి శుక్రవారం దాకా ఆగినవాణ్ణి కాను.

మా జెట్టీలో పాత రూలు ఒకటుండేది. మూట ఒక్కసారి భుజం తాకితే ఆ ముఠా వంతు అయిపోయినట్టే. నాలుగు మూటలు దించాక వానొచ్చి పని ఆగినా అంతే, మళ్ళీ వరస చివరికి పోయి నిలబడాలి. మూడు రోజులు పస్తు. పన్నెండేళ్ళ కింద ఒక జూలైలో లింగరాజు ముఠా ఐదు మూటలు దించగానే వాన పట్టుకుంది. వంతు పోతుందని లింగరాజు ఆగలేదు. పడవకీ జెట్టీకీ మధ్య వేసిన పలక మీద, వానలో, మూటతో పరిగెత్తాడు. పలక జారింది. రెండో రోజు దొరికాడు. మణిమాలకప్పుడు తొమ్మిదేళ్ళు. మేము పదిహేడు రోజులు మూట ముట్టుకోలేదు. నేను జెట్టీ స్తంభం ఎక్కి గొంతు పోయేదాకా అరిచాను. చివరికి రూలు మారింది. వానలో ఆగిన వంతు చెడదు, ఎవరిది వాళ్ళకే ఉంటుంది. మేము దాన్ని వాన వంతు అంటాం. ఆ కాగితం మీద మొదటి సంతకం నాది. 

కొత్త రూలు చూస్తే చివరి శనివారం మణిమాలది. పాత రూలు చూస్తే దేవిది. ఇందులో తికమక ఏముందని ఎవరైనా అడగొచ్చు. నాకూ మొదట ఏమీ లేదనిపించింది.

“నాలుగు బంతులేసింది గదా. అయిపోయింది దాని వంతు” అంది బాలామణి ఆదివారం, కూర తాలింపు వేస్తూ.

“ఆ రూలు మీదే లింగరాజు పోయాడు.”

“అది మూటల రూలు. ఇది బంతి. ఎవులు సచ్చిపోతారు ఇక్కడ?”

“భుజం భుజమే.”

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. “నీ కూతురిది కాదేటి భుజం? ఊళ్ళో అందరి భుజాలూ కనపడతాయి నీకు.”

“అమ్మా, నాన్నని ఒదిలీ” అంది దేవి. తన ఆట చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. కరెంటు పోయేలోగా అయిపోవాలని తల ఎత్తకుండా రుద్దుతోంది.

“నీకేటి కావాలో నువ్వు సెప్పవే” అంది తల్లి.

“వంతులేసేది నేను కాదు కదా.”

కరెంటు పోయింది. దేవి చల్లారిపోతున్న పెట్టెతోనే కాలరు రుద్దింది.

బుధవారం పొద్దున్నే సన్యాసమ్మ ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళాను. వీధి మొగలో ఉంటుంది బండి. ఆమె నన్ను బతిమాలుతుందనుకున్నాను. లింగరాజు పేరెత్తి ఏడుస్తుందనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఆమె ఇడ్లీ పళ్ళేలు దించి, ఆవిరిలోంచి నా వైపు చూసి అంది:

“అన్నా, ఒక మాట. శనివారం దేవినే ఎయ్యి.”

నేను విన్నది సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు.

“నా గుంటని ఎయ్యొద్దు. నాలుగు బంతులు ఏసీసింది గదా, అయిపోయిందని సెప్పు. నేను ఒప్పుకున్నానని సెప్పు. ఎవులడుగుతారు?”

“ఎందుకు సన్యాసమ్మా?”

“ఎందుకేటి? ఆవిడ సూసి అట్టుకుపోతే? నాకు ఈ ఊళ్ళో మిగిలింది అదొక్కతే. నీకు వదినుంది, ముఠా ఉంది. నాకేటుంది అన్నా, ఈ పొయ్యా?”

సంతోషించాల్సినవాణ్ణి. ఎంత సుళువు! తల్లే వద్దంటోంది. ఇంటికెళ్ళి బాలామణితో చెబితే ఎగిరి గంతేస్తుంది, దేవి వెళ్తుంది, సన్యాసమ్మ కూతురు సన్యాసమ్మ దగ్గరుంటుంది. కానీ నా నోరు దాని పని అది చేసింది. జెట్టీ స్తంభం మీద చేసినట్టే చేసింది.

“ఆ మాట నువ్వంటావా? లింగరాజు పెళ్ళానివి, నువ్వంటావా? పదిహేడు రోజులు ముప్పై కుటుంబాలు గంజి తాగింది ఎందుకు? వంతు ఇంకొకళ్ళు ఒదులుకునేది కాదు. మోసినోడిది!”

ఇడ్లీలకి వచ్చినవాళ్ళు మా వైపు తిరిగారు. సన్యాసమ్మ మొహం పాలిపోయింది. బండి వెనక పళ్ళేలు కడుగుతున్న మణిమాల లేచి నిలబడింది. చేతుల్నిండా సబ్బు నురగ.

“మావయ్యా, వంతు నాదా, అమ్మదా?”

“నీదే.”

“అయితే నేనేస్తాను.”

సన్యాసమ్మ కూతురి వైపు చూడలేదు. నా వైపే చూసింది. తర్వాత ఎవరికో పొట్లం కట్టింది, చట్నీ వెయ్యడం మర్చిపోయింది.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. తల్లులిద్దరూ ఒకే మాట అన్నారు. ఒకామెకి కూతురు వెళ్ళాలి, ఒకామెకి కూతురు ఉండాలి, ఇద్దరికీ కావలసింది దేవి పేరే. ఆట తెలిసిన సయామా కూడా చెయ్యి గట్టిది దేవిదే అంది. అటు మణిమాల ఉంది. వంతు నాదా అని ముఖం మీద అడిగింది. ఆ పిల్లకి ఏం చెప్పను? చెప్పిందే చెప్పాను. అది న్యాయమే. అందులో ఇప్పటికీ నాకు అనుమానం లేదు. అనుమానమల్లా ఇంకోచోట.

శుక్రవారం పొద్దున చీటీ మీద మణిమాల అని రాశాను. సంచౌంగ్ వెళ్ళి తాడు గుంజాను. పైన గంట మోగింది. క్లిప్పుకి చీటీ పెట్టాను. కాసేపటికి తాడు కదిలింది. చీటీ మొదటి అంతస్తు ఆరేసిన లుంగీలు దాటింది, రెండోది దాటింది, అక్కడ గాలికి ఒకసారి తిరిగింది, పైకి పోయింది. సయామా రైలింగు మీంచి తల బయటపెట్టింది.

“ఊ భీమా! సరిగ్గానే రాశావా?”

“సరిగ్గానే రాశాను.”

ఆమె చీటీ మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎదురుగా మొహింగా కొట్టు. చేపల పులుసు వాసన వచ్చింది. ఒక్కసారిగా ఆకలేసింది. అలాంటి ఇలాంటి ఆకలి కాదు, పడవంతా దించినవాడి ఆకలి. కూచుని రెండు గిన్నెలు తిన్నాను. మూడోది అడిగి, సగంలో చెయ్యి ఆగిపోయింది. రెండు వారాలుగా సయించనిది ఇప్పుడెందుకు సయిస్తోందా అనిపించింది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. గిన్నె నెట్టేసి బస్సెక్కాను.

శనివారం వాన పడలేదు. జపాన్ ఆవిడ తెల్ల టోపీ పెట్టుకుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, చిన్న నోట్‌బుక్కుతో కూచుంది. మణిమాల మొదలుపెట్టి చివరిదాకా విసిరింది. ఆ ఒరిగిపోయే బంతికి అవతలివాళ్ళు గాలిలో కర్రలూపి ఊపి విసుగెత్తిపోయారు. దేవి ఎక్కడో దూరంగా, గోడ దగ్గర, పొడుగు బంతులు ఆపే చోట నిలబడింది. ఆఖరి బంతి అటే వెళ్ళింది. దేవి పరిగెత్తి, పడి, లేచింది. గ్లవ్‌లో బంతి ఉంది. ఆ లేచిన చోటినుంచే మణిమాల దాకా ఒక్క విసురు విసిరింది. మణిమాల గ్లవ్‌లో చప్పుడు నాదాకా వినపడింది.

ఆట అయ్యాక జపాన్ ఆవిడ మణిమాల చెయ్యి చాపించి, రెండు వేళ్ళతో భుజం నొక్కి చూసింది. అచ్చం నేను చూసినట్టే. తర్వాత గోడ వైపు చూపించి ఎవరా పిల్ల అనడిగింది. నీలా చెప్పింది, తనూ పిచరే, ఈ రోజు తన వంతు కాదని. ఆవిడ తలూపి నోట్‌బుక్కు మూసేసింది. 

సోమవారం జెట్టీకి వెళ్ళేసరికి నా కథ నాకంటే ముందే వెళ్ళింది. ముఠా అంతా లేచి నిలబడ్డారు. “సొంత కూతుర్ని పక్కనపెట్టిన మేస్త్రీ!” అని ఎవడో కేకేశాడు, చప్పట్లు కొట్టారు. పాత రోజుల్లో సమ్మె గెలిచినప్పుడు కూడా అంత గట్టిగా కొట్టలేదు. నేను చెయ్యి పైకెత్తాను, అలవాటు కొద్దీ. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తోచక తలగుడ్డ సర్దుకున్నాను.

ఎనిమిది రోజులకి మణిమాలకి జపాన్ నుంచి కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నం బాలామణి నా కంచంలో అన్నం పెడుతూ, చాలా మామూలుగా అంది:

“ఆ శుక్రవారం ఇంటికొచ్చి అన్నం వద్దన్నావు. ఎక్కడ తినీసావు?”

“సంచౌంగ్‌లో. మొహింగా.”

“ఎన్ని?”

నేను అన్నం కలుపుకున్నాను.

“రెండు వారాలు పిట్టలాగ తిన్నావు. దేవి పేరు కొట్టీసిన రోజున ఆకలేసీసింది నీకు.” గరిటె గిన్నెలో పెట్టి మూత పెట్టింది. “రూలంట. నీకు గుంట ఎల్లకూడదు, అంతే. అది ఎల్లిపోతే నీ రాతలు ఎవులు దిద్దుతారు? నీ పక్కన ఎవులు కూచుంటారు? ఊరంతా సప్పట్లు కొడతన్నారు, నువ్వు కూడా కొట్టీసుకో.”

“లింగరాజు...” అన్నాను.

“లింగరాజుని ఎత్తకు. పాపం ఆడి సావు ఎన్ని పనులు సేస్తాది నీకు?”

ఇన్నేళ్ళలో ఎన్ని మీటింగుల్లో ఎంతమంది ఎన్ని అడిగారో! ప్రతిదానికీ జవాబుండేది, లేకపోతే అక్కడికక్కడే పుట్టేది. ఆ మధ్యాహ్నం మాత్రం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను. ఆవిడన్నది అబద్ధమని నాకు తెలుసు. నిజమని కూడా తెలుసు. రెండూ ఒకే కడుపులో ఎలా పడతాయో తెలియదు.

జూలై చివర మణిమాల వెళ్ళింది. మేడలో అందరం మెట్ల దాకా వచ్చాం. దేవి, మణిమాల ఒకరి టోపీ ఒకరు మార్చుకున్నారు. సన్యాసమ్మ టాక్సీ కదిలేదాకా కిటికీ పట్టుకుని నడిచింది. మర్నాడు బండి దగ్గరికెళ్తే నాకు ఇడ్లీలు పెట్టి, “చట్నీ కావాలా మేస్త్రీ?” అంది. పన్నెండేళ్ళుగా అన్నా అని పిలిచిన మనిషి. అప్పట్నించి మేస్త్రీనే.

సయామా కాలు అతుక్కుంది. వచ్చే ఏడు వంతులు కూడా నువ్వే వెయ్యమంది. చెయ్యి ఖాళీ లేదని అబద్ధమాడాను.

వానలు కాస్త తెరిపిచ్చిన ఒక ఆదివారం సాయంత్రం దేవి నా ముందు గ్లవ్ పడేసింది.

“రా నాన్నా. పట్టుకోవడానికి ఎవులూ లేరు. మణిమాల లేదు కదా.”

మేడ వెనక సందు. ఒకవైపు మురుగుకాలవ, ఒకవైపు గోడ. బకెట్ బోర్లించి దాని మీద కూచున్నాను. గ్లవ్ ఎలా తొడుక్కోవాలో దేవే చూపించింది. ఇరవై అడుగులు వెనక్కి నడిచి, మొదట మెల్లగా విసిరింది. పట్టుకున్నాను. తర్వాత కొంచెం గట్టిగా. అదీ పట్టుకున్నాను.

“బావుందేటి?” అంది నవ్వుతూ.

“బావుంది. భుజం ఎలా ఉంది?”

“భుజానికేటి, బాగుంది.” బంతిని చేతిలో రెండుసార్లు తిప్పింది. “నాన్నా, ఒకటడుగుతాను. అబద్ధం సెప్పకు.”

“అడుగు.”

“ఆ వాన మణిమాల వంతులో కాకుండా నా వంతులో పడుంటే? నేను నాలుగు బంతులేసి, చివరి శనివారం వేరేవాళ్ళదై ఉంటే? అప్పుడు కూడా వాన వంతే అనేవాడివా? లేకపోతే మూట భుజం తాకింది, అయిపోయింది అనేవాడివా?”

అడగడానికి ఆమెకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రెండు నెలలుగా మోస్తోందని తెలుస్తూనే ఉంది. నేను నోరు తెరిచాను. ఆమె ఆగలేదు. చెయ్యి ఎత్తింది. ఈసారి నాకు బంతి కనపడలేదు. గ్లవ్‌లో చప్పుడైంది, అరచెయ్యి మండి, మోచేతి దాకా పాకింది. బకెట్ మీంచి పడబోయి గోడ పట్టుకున్నాను.

దేవి అక్కడే నిలబడి ఉంది, చెయ్యి కిందికి వేలాడేసి.

“సెప్పు నాన్నా.”

బంతి తీసి ఆమె వైపు విసిరాను. సగం దూరంలోనే పడి, దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

“మళ్ళీ వెయ్యి” అన్నాను.